చబ్బవరం చంత

పోయిన ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టుకునే చోట సంత పెట్టారు. కార్లన్నిటినీ రోడ్డు మీదికి తోలేసి, స్తంభాలకి తాటాకులు చుట్టి, నాలుగు వెదురుబుట్టల్లో ఎవరూ కొనని వంకాయలు పోసి, మైకు తెచ్చి, అదే ఉత్తరాంధ్ర సంత అన్నారు. గాజువాకలో మాది ఆరంతస్తుల భవనం. అందులో సగంమంది మా వారిలాగే స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైనవాళ్ళు, మిగతా సగం ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు. నిజమైన సంత మొహం చూసినవాళ్ళు మొత్తం మీద నలుగురుంటే గొప్ప. ఆ నలుగురిలో ఒకదాన్నని, పైగా ముప్ఫై ఏళ్ళ పైచిలుకు తెలుగు పాఠాలు చెప్పినదాన్నని, నన్నొక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి యాస పోటీకి న్యాయనిర్ణేతని చేశారు. అవును, యాస పోటీయే. మన యాస ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళకి ప్రెషర్ కుక్కరు.

మూడో అంతస్తు ఆవిడ గెలిచింది. ఆవిడ పుట్టిందెక్కడో పెరిగిందెక్కడో నాకు తెలుసు. మా సబ్బవరం పేరు బస్సు బోర్డు మీద తప్ప చూసి ఉండదు. చీర ఎగ్గట్టి, మైకు పట్టుకుని, ఏటి బావా సేత్తన్నావు అని మొదలుపెట్టి, దొరికిన ప్రతి చకారాన్నీ సకారం చేసుకుంటూ పోయి, చివరికి చక్రవర్తిని కూడా సక్రవర్తిని చేసింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వుమొహం పెట్టి పదికి పది వేశాను. పరీక్ష కాగితంలో ‘సేప’ అని కనబడితే ఎర్రసిరాతో సున్నా చుట్టిన చెయ్యే అది. పైకొచ్చి కాఫీ పెట్టుకున్నాను గానీ తాగబుద్ధి కాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో సగం వాళ్ళ మీద. మిగతా సగం ఎవరి మీదో చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది సబ్బవరం. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా కాలనీలూ ప్లాట్ల రాళ్ళూ గానీ, డెబ్బైల్లో ఒక పొడవాటి వీధి, రెండు రైసు మిల్లులు, ఒక బడి, వారానికోసారి సంత, అంతే ఊరు. నా వయసువాళ్ళు సంత అనగానే కళ్ళు అరమోడ్చి, ఆ రోజులే వేరండీ అని మొదలుపెడతారే, వాళ్ళని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏ రోజులండీ? వానాకాలం చీలమండల దాకా బురద, ఆ బురదలో పేడ, పేడ మీద ఈగలు, అవే ఈగలు లేచి వచ్చి బెల్లం మీద. భీమిలి వైపు నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే బెస్త ఆడవాళ్ళని బస్సువాడు లోపలికి రానివ్వక, టాపు మీద గంపలూ ఫుట్‌బోర్డు మీద మనుషులూగా తెచ్చి పడేసేవాడు. వాళ్ళ దగ్గర లొట్టలేసుకుంటూ సరుకు కొన్న పెద్దమనుషులే మళ్ళీ ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని బేరమాడేవారు. పెద్దమనుషులంటే ఎవరనుకున్నారు? ఒక కాంపౌండరు, ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, రిజిస్ట్రాఫీసు గుమస్తా ఒకడు, ఇద్దరు మిల్లుల వాళ్ళు. వీళ్ళు చేతి గడియారం కనిపించేలా చొక్కా మడిచి సంతలో ఒక చుట్టు తిరిగితే ఊరు ధన్యమైపోయినట్టు.

ఆ సంతలో చింతపండూ చీపుళ్ళూ అమ్మేది మా అత్త. నాన్నకి అక్క. పద్మనాభం దగ్గర పల్లెకి ఇస్తే, ఆ మొగుడు మహానుభావుడు పిల్లలు పుట్టలేదని రెండో ఆవిణ్ణి తెచ్చుకున్నాడు, అత్త ఒక ట్రంకుపెట్టెతో మా వీధరుగు మీదికి వచ్చేసింది. నాన్న విశాఖపట్నం పోర్టులో కళాసీ, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. అందులో అమ్మా మేమూ, అరుగు మీద అత్త. అమ్మ రాక్షసేమీ కాదు గానీ, అన్నం వడ్డించేటప్పుడు గరిట చప్పుడు చేసే తీరులోనే అన్నీ చెప్పేసేది. అత్త ఆ చప్పుడు వినపడనట్టు తినేసి, కంచం కడిగి బోర్లించేది.

ఆవిడ గొంతు మాత్రం సంతకంతటికీ పెద్దది. నేను బడినుంచి వస్తుంటే ఆ చివరనుంచే, “ఒలే గుంటా, బేగి రాయే, నాను ఒక్కర్తినే సస్తన్నాను!” అని అరిచేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు, అందులో తిట్టేమీ లేదు. అరవడం అయ్యాక ఒడిలోంచి బెల్లప్పాకంతో చేసిన జీడి ముక్క ఒకటి తీసి నా నోట్లో కుక్కేది. చింతపండు చేతులతోనే కుక్కేది కనక నా చిన్నతనంలో జీడి ఎప్పుడూ కాస్త పుల్లగానే ఉండేది.

ఇక మా బడి సంగతి. మిల్లు యజమాని ఒకాయన తన తండ్రి పేరు నిలబెట్టడానికి పెట్టిన బడి అది, ఆయనే కరస్పాండెంటు. గోదావరి అవతలనుంచి ఒక తెలుగు మాస్టారిని తెచ్చుకున్నాడు. తెల్లటి పంచె, పౌడరు మెడ, జేబులో మడతపెట్టిన రుమాలు. ఆయన వచ్చీ రాగానే మాకు చెప్పిందేమిటంటే, మేం మాట్లాడేది భాష కాదు, దగ్గు. నాను కాదు నేను, ఏటి కాదు ఏమిటి, నేదు కాదు లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా సేపలు కాదు చేపలు. సకారం దొర్లినవాళ్ళని బెంచీ ఎక్కించేవాడు. క్లాసులో నలభైమందికి ముప్ఫై ఎనిమిదిమంది బెంచీల మీద నిలబడి ఉండేవాళ్ళం, కింద కూర్చునేది కాంపౌండరు కూతురూ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కొడుకూను. మూడు నెలల్లో నేను కూడా దిగి వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఎంత గొప్ప! మాస్టారు నన్ను లీడరుని చేసి, స అన్నవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని అప్పగించారు. పదకొండేళ్ళ పిల్లకి సుద్దముక్క చేతికిస్తే కళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కుతాయో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. ఇంట్లో అమ్మని దిద్దాను, తమ్ముణ్ణి దిద్దాను, వారానికోసారి కనబడే నాన్నని కూడా వదల్లేదు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళెవరూ దిద్దుబాటు కాలేదు, నేను మాత్రం రోజురోజుకీ తయారవుతూ వచ్చాను.

నేను ఏడో తరగతిలో ఉండగా బడికి ఒక ఆయా కావాలన్నారు. చిన్న తరగతులు కొత్తగా పెట్టారు, పిల్లల్ని చూసుకోవాలి, గదులూడవాలి. ఆ పనితోపాటు బడి వెనక ఒక గది ఇస్తామన్నారు. మా అత్త చెవిన పడింది ఆ గది మాట ఒక్కటే. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి కిటికీ సందులోంచి చూసొచ్చి, పెంకులు నిక్షేపంగా ఉన్నాయి, లోపల గూడు ఉంది, తలుపుకి లోపలినుంచి గడియ ఉంది అని నాతో మూడుసార్లు చెప్పింది. లోపలినుంచి గడియ వేసుకునే తలుపు ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేదు. అత్తవారింట్లో వంటింటి మూల, మా ఇంట్లో అరుగు. నలభై దాటాక మొదటిసారి ఒక తలుపు దొరికేలా ఉంది.

పోటీకి ఉన్నది ఇంకొక్కామె, కరస్పాండెంటు ఇంట్లో పని చేసే మనిషికి చెల్లెలు. అయినా హెడ్మాస్టరు మంచాయన, మీ అత్తని శుక్రవారం పదింటికి రమ్మను, పెద్దలు నాలుగు మాటలు అడుగుతారు అని నాకే చెప్పారు. నాలుగు మాటలనగానే అత్త మొహం వాడిపోయింది. సంతలో పూటకి నాలుగువేల మాటలు మాట్లాడే మనిషి! నా దగ్గర గొంతుక్కూర్చుని, “పెద్దోలకాడ ఎలాగ మాటాడాలో సెప్పే. నువ్వు సదూకున్నదానివి” అని బతిమాలింది.

నేను ఎగిరి గంతేశాను. దిద్దుబాటయ్యే మనిషి ఒక్కరు దొరికారు కదా. నాలుగు రోజులు, సాయంత్రాలు, అరుగు మీద పాఠం. నాను బదులు నేను, రెండు రోజుల్లో వచ్చేసింది. అసలు చిక్కల్లా సకారం దగ్గర వచ్చింది. పుస్తకం చదివినవాళ్ళకి చేప ఏదో సంత ఏదో కంటితో తెలుస్తుంది. అక్షరమ్ముక్క రాని మనిషికి రెండూ ఒకే స. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాలంటే ఓపిక కావాలి, నాకెక్కడిది? సుద్దముక్క పట్టుకున్న దర్జాతో ఒక సూత్రం చెప్పి పారేశాను. నోట్లోకి స వచ్చినప్పుడల్లా చ అను, అంతే.

అత్త ఆ సూత్రాన్ని మంత్రంలా పట్టుకుంది. గురువారం సాయంత్రం నేనూ కాంపౌండరు కూతురూ ఇంటి గోడ పక్కన తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే, అటువైపు అత్త ఒక్కతే చీపురు ఈనెలు కట్టుకుంటూ తనలో తను వల్లించుకుంటోంది. మాది చబ్బవరం. చంతలో చింతపండు అమ్ముతాను. చబ్బు పెట్టి తోముతాను. మేమిద్దరం ఒకరి నోరు ఒకరం మూసుకుని, కింద పడి దొర్లి నవ్వాం. అప్పుడే గోడ దాటి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కాంపౌండరు కూతురి పక్కన నిలబడి మా అత్తని చూసి నవ్వడం బాగుంది, ఆ బాగుండటాన్ని ఇంకాసేపు ఉంచుకుందామనిపించింది. పొద్దున్న చెబుదాం అనుకున్నాను. పొద్దున్న జడలూ రిబ్బన్లూ హడావుడిలో మరిచిపోయాను. మరిచిపోయాను అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

శుక్రవారం అత్త తలకి నూనె రాసుకుని, అమ్మ పెళ్ళినాటి చీర అడిగి కట్టుకుని వచ్చింది. ఆ రోజు అమ్మ కూడా గరిట చప్పుడు చెయ్యకుండా అన్నం పెట్టింది. హెడ్మాస్టరు గదిలో కరస్పాండెంటూ, తెలుగు మాస్టారూ, హెడ్మాస్టరూ కూర్చున్నారు. మా ఇంటి మనిషి అని నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. అత్త రెండు చేతులూ జోడించి, నిదానంగా, ఒక్కొక్క అక్షరం పట్టి పలికింది.

“నమచ్కారం చారూ.”

తెలుగు మాస్టారు రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ, “చారొక్కటేనా అమ్మా? అన్నం కూడా వడ్డించమంటావా?” అన్నారు. కరస్పాండెంటు పొట్ట కదిలేలా నవ్వాడు. ఎందుకు నవ్వారో అత్తకి తెలీదు. ఇంకా సరిగ్గా మాట్లాడాలి కాబోలనుకుని, ఉన్న చకారాలన్నీ బయటికి తీసింది. మాది చబ్బవరమే చారూ, చంతలో ఉంటాను, గోడలకి చున్నం వేచ్చాను, పిల్లల్ని చొంత పిల్లల్లాగ చూచ్చాను. ఆ చివరి మాట ఆవిడ నిజంగానే అంది, ముందు వల్లించుకున్నది కాదు. దానికే వాళ్ళు ఎక్కువ నవ్వారు. హెడ్మాస్టరు బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నారు. మంచాయనే మరి, ఆయన మంచితనమంతా ఆ కాగితాలు సర్దడంలోనే అయిపోయింది.

తెలుగు మాస్టారికి రుచి తగిలింది. సముద్రం అనమన్నారు. సరస్వతి అనమన్నారు. అత్త అంది. గుమ్మం దగ్గర నేను రిబ్బను కొస వేలికి చుట్టుకుంటున్నాను. ఆ సూత్రం చెప్పింది నేనే సార్ అనాలి. అంటే లీడరు గిరీ పోతుంది. అప్పుడు ఆయన, సరే, కొండ మీది దేవుడి పేరు చెప్పు, సింహాచలం అప్పన్న అను చూద్దాం అన్నారు.

అత్త నోరు తెరిచింది. తెరిచి, మూసేసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, ఏదో తప్పు జరుగుతోందని. చుట్టూ ఉన్న మొహాలు చూసింది, గుమ్మం దగ్గర నన్ను చూసింది. రెండు చెంపలూ వేసుకుని, తన సంత గొంతుతో, “సిమ్మాద్రప్పన్న. ఆయన పేరు నాను మార్సనేను బాబూ. మీ గది మీరే ఉంచుకోండి” అని వెనక్కి తిరిగి నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే గదిలోకి కరస్పాండెంటు పనిమనిషి చెల్లెలు వచ్చింది. తెలుగు మాస్టారు ఆ ఏడాదంతా స్టాఫ్ రూములో చారు కథ చెప్పుకుని బతికాడు. భాషాభిమానమట! ఆయన దగ్గర నేను నేర్చుకున్నది భాష కాదని చెప్పే ధైర్యం నాకు ఆయన పోయాక గానీ రాలేదు. అత్త మళ్ళీ సంతలో కూర్చుంది, గొంతు అలాగే ఉంది, ఎండుచేపల వాళ్ళతో తగాదాలు, నవ్వులు, అన్నీ మామూలే. నేను బడినుంచి వస్తుంటే మాత్రం అరవడం మానేసింది. ఒలే పోయింది, గుంట పోయింది. అమ్మా, వచ్చావా, అని సవ్యంగా, ఆచితూచి పలికేది. జీడి మాత్రం ఇచ్చేది, నోట్లో కుక్కకుండా కాగితంలో పెట్టి.

ఎనభైల నడుమ నాకు విశాఖపట్నంలో తెలుగు పండితురాలిగా ఉద్యోగం వచ్చింది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రెండు గదుల వాటా తీసుకున్నాను. రెంటికీ తలుపులూ గడియలూ ఉన్నాయి. ఎవరికోసం తీసుకున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. అప్పటికి అత్తకి మోకాళ్ళ నొప్పులు, బతిమాలి తీసుకొచ్చి, లోపలి గది చూపించి, ఇది నీదే అత్తా అన్నాను. ఆవిడ గడియ ఒకసారి వేసి తీసి చూసి, “చాలా బాగుందండీ” అంది.

అండీ! నాతోటి టీచర్లు వచ్చి ఉన్నారేమో, వాళ్ళ ముందు మర్యాద అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక కూడా అదే. మీరు తినండి, మీరు కూర్చోండి, మీకు బడికి వేళవుతోంది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. పన్నెండు రోజులు అలాగే గడిచింది. నేను బడికి పోగానే కొళాయి దగ్గర పక్కింటి వాళ్ళతో ఆవిడ గొంతు పట్టాల అవతలికి వినబడేదట, పక్క వాటాలోని రైల్వే కళాసీ పెళ్ళాం చెప్పింది. నేను సందు మలుపు తిరిగేసరికి ఆ గొంతు ఆగిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇక ఉండబట్టలేక అన్నీ చెప్పేశాను. సూత్రం తప్పని, గురువారం నాడే నాకు తెలుసని, చెప్పలేదని. అత్త కాయ ఒలవడం ఆపలేదు.

“తెలుసునండి. గోడవతల మీరు నవ్వినారు కదా, ఇనబడింది” అంది.

తెలిసీ ఎందుకలాగే మాట్లాడావని అడిగాను. నా గొంతు నాకే అసహ్యంగా ఉంది.

“పిల్లల నవ్వనుకున్నాను. తప్పయితే మీరు సెప్తారు కదా…” అని ఆగి, ఒక్క క్షణం లోపల ఏదో సరిచూసుకుని, “చెప్తారు కదా అనుకున్నానండి” అని దిద్దుకుంది. ఇంకో కాయ తీసుకుని, నావైపు చూడకుండానే, “ఊరెళ్ళిపోతానండి. మీతో మాటాడాలంటే ముందు లోపల ఓపాలి దిద్దుకోవాలి. అలిసిపోతన్నాను” అంది.

మర్నాడు పొద్దున్న బస్సెక్కించాను. పక్క సీటులో మా ఊరి ఆవిడే ఒకామె దొరికింది. సంచీ కాళ్ళ కింద పెట్టుకోవడమే ఆలస్యం, అత్త రెండు చేతులూ తిప్పుతూ మొదలుపెట్టింది. పన్నెండు రోజుల మాటలు, సేపలూ సింతపండూ, ఏటీ ఎందుకూ, అన్నీ కలిసి దూకేస్తున్నాయి. నేను కిటికీ కింద నిలబడి వింటూ ఉన్నాను. ఇంజను స్టార్టయ్యాక ఆవిడకి నేనున్నానని గుర్తొచ్చింది. మాట మధ్యలో ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, “వెళ్ళొస్తానండీ” అంది. ఒక్క తప్పు లేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. పోయింది కూడా మా అరుగు మీదే. ఇప్పుడు సబ్బవరం వెళితే సంత జరిగిన చోటు చుట్టూ కొత్త ఇళ్ళు, ఇంగ్లీషు బళ్ళు, ముస్తాబైన పిల్లలు. నన్ను చూసి నమస్తే మేడమ్ అంటారు, టీచరుగారా, రండి, కూర్చోండి అంటారు. ఎవరైనా ఒక ముసలావిడ వెనకనుంచి ఒలే గుంటా అని కసిరితే బాగుండునని నడిరోడ్డు మీద కాసేపు నిలబడతాను. ఎవరూ కసరరు. అందరూ ఎంతో చక్కగా, నేను నేర్పినట్టే మాట్లాడతారు.